ఫ్రాంక్ బ్రౌనింగు - ఒక ఐరిష్ క్రీడాకారుని జీవితం

ఐర్లండు అన్న పేరు వినగానే మనవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చేవి డి వలేరా పేరు, కరవు రోజులు, ఆంగ్ల ప్రభుత్వంతో ఆ చిన్న దేశం తరతరాలుగా సాగించిన పోరాటం. మదనపల్లెవారికైతే అక్కడి కళాశాలతో సంబంధం కలిగిన కజిన్స్ దంపతులు కూడ గుర్తుకు రావచ్చును. అంతేకాని క్రికెట్టునూ ఐర్లండునూ కలిపి ఆలోచించేవారు మనలో అరుదు. 2018 మే నెలలో డబ్లిను నగరానికి చేరువనున్న మాలహైడ్‌లో పాకిస్తాను జట్టుతో ఐర్లండు తన మొదటి టెస్టు పోటీ ఆడినప్పుడు, "వీరు ఈ ఆటను ఎప్పుడు నేర్చినారు?" అని ఆశ్చర్యపడినవారు ఎందరో ఉన్నారు. నిజానికి డబ్లినులోని ఫీనిక్సు క్రికెట్టు సంఘం 1830లోనే పుట్టినది. నేర్చుకొనడం ఆలస్యం కాలేదు. మధ్యలో మరచిపోవడమే జరిగినది. ఎందుకు మరచిపోయినారన్న ప్రశ్నకు సమాధానం చరిత్ర గ్రంథాలలో వెదకవచ్చును. ఒక మనిషి జీవితంలోనూ వెదకవచ్చును. ఈ వ్యాసంలో రెండవ మార్గమే తీసికొంటున్నాను.

ఆ మనిషి పేరు ఫ్రాన్సిస్ హెన్రీ బ్రౌనింగు. స్నేహితులకు ఫ్రాంక్ బ్రౌనింగు. 1868వ సంవత్సరంలో డబ్లినుకు ఆగ్నేయంగా సముద్రపు టొడ్డున ఉన్న కింగ్స్‌టౌనులో జన్మించినాడు. ఆంగ్ల ప్రభువు ఆ రేవులో నౌక ఎక్కినందుకు గుర్తుగా పెట్టిన పేరది. ఐర్లండుకు స్వపరిపాలన రానున్న రోజులలో, 1920లో, దానిని తీసివేసి డన్ లేరీ అన్న పూర్వపు ఐరిష్ నామాన్ని తిరిగి పెట్టుకొన్నారు. పుట్టిన ఊరి పేరే ఇట్లు మారిపోయిన తరానికి చెందినవాడు బ్రౌనింగు.

డబ్లినులోని ట్రినిటీ కళాశాల 1592లో ఎలిజబెత్తు రాణి నాడు స్థాపించబడినది. నగరం నడిబొడ్డున, రాతి భవనాల నడుమ, పచ్చని క్రికెట్టు మైదానం అక్కడ నేటికీ ఉన్నది. బ్రౌనింగు అక్కడ చదివినాడు, అక్కడే ఆడినాడు. వృత్తిరీత్యా న్యాయశాస్త్రం చేపట్టినాడు. అయితే అతని పేరు నగరంలో పదిమంది నోటబడినది న్యాయస్థానం వలన కాదు, మైదానం వలన.

అతడు వికెట్ కీపరు. ఈ ఆటతో పరిచయం లేని మన గృహిణులకోసం ఒక మాట చెప్పాలి. బంతి విసిరేవాడు ఓవరు ముగియగానే విశ్రమిస్తాడు. బ్యాటు పట్టినవాడు ఔటయితే నీడకు పోతాడు. వికెట్ల వెనుక కూర్చునేవానికి మాత్రం విరామం లేదు. ప్రతి బంతికీ మోకాళ్లు వంచి కూర్చోవాలి, ప్రతి బంతికీ లేవాలి, తన చేతికి రాదని తెలిసిన బంతికి సైతం చేతులు చాచి సిద్ధంగా ఉండాలి. అతడు పట్టిన నూరు బంతులు ఎవరికీ గుర్తుండవు. వదలిన ఒక్కటి అందరికీ గుర్తుంటుంది. మన ఇండ్లలో వంట చేసే తల్లుల స్థితి ఇదే కదా అని ఎవరైనా అంటే నేను కాదనను. ఇట్టి పనిని బ్రౌనింగు 1888 నుండి 1909 వరకు, అనగా ఇరువది ఒక్క సంవత్సరాలపాటు, ఐర్లండు జట్టు పక్షాన చేసినాడు. దేశం తరఫున 39 పోటీలలో ఆడినాడు, కొంతకాలం నాయకత్వమూ వహించినాడు.

1909లో ఐరిష్ జట్టు అట్లాంటిక్కు దాటి అమెరికా వెళ్ళినది. ఆ రోజులలో ఫిలడెల్ఫియా నగరంలో క్రికెట్టు మిక్కిలి ఆదరణ పొందిన ఆట అంటే నేటివారు నమ్మకపోవచ్చును. అక్కడ బార్ట్ కింగ్ అనే మహా బౌలరు ఉండేవాడు. ఐరిష్ వారితో జరిగిన ఆటలో ఒక ఇన్నింగ్సులోని పది వికెట్లూ అతడే పడగొట్టినాడు. ఔటు కాకుండా మిగిలిపోయిన పదకొండవ మనిషి మారో అనే ఆటగాడు. అతనిని కూడ కింగ్ బౌల్డు చేసినాడట, కాని అది నోబాలు! బ్రౌనింగు ఐర్లండు పక్షాన చివరిసారి ఆడినది ఈ పర్యటనలోనే. ఓడిపోయి కూడ నవ్వుకొంటూ చెప్పుకోదగిన కథతో అతని క్రికెట్టు ముగిసినదన్నమాట.

క్రికెట్టు వేసవి ఆట. చలికాలం వచ్చిందంటే డబ్లినులో రగ్బీ. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే తోలు బంతిని చంకన పెట్టుకొని, పదిహేనుమంది ఒకవైపు, పదిహేనుమంది ఒకవైపు, బురదలో ఒకరినొకరు పడదోసికొంటూ ఆడే ఆట ఇది. కాలితోనే గాక చేతితో కూడ బంతిని తీసికొనిపోవచ్చును, కాని ముందుకు విసరరాదు, వెనుకనున్న స్వపక్షీయునికే అందించాలి. ముందుకు పోవాలంటే వెనుకవానిని నమ్ముకొనవలసిన విచిత్రమైన ఆట. బ్రౌనింగు దీనిని విశ్వవిద్యాలయ జట్టులోను, వాండరర్స్ అనే పేరుగల సంఘంలోను ఆడినాడు. ఆటగాడుగా రగ్బీలో అతడు క్రికెట్టులో ఎదిగినంత ఎత్తుకు ఎదగలేదు. కాని ఆట మానిన పిమ్మట సంఘ వ్యవహారాలలో దిగి, 1914లో ఐరోపా యుద్ధం ఆరంభమయ్యేనాటికి ఐరిష్ రగ్బీ సమాఖ్యకు అధ్యక్షుడుగా ఉన్నాడు. మన కథకు ఈ పదవి చాల ముఖ్యమైనది.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. ఈ రెండు ఆటలనూ ఆడేవారిని ఐర్లండులో అందరూ ఒకే చూపుతో చూడలేదు. క్రికెట్టు దండులోని సిపాయిలు, జమీందారులు, ఆంగ్ల విద్య నేర్చిన ఉద్యోగులు ఆడే ఆటగా పేరుపడినది. 1884లో దేశీయ క్రీడలను ఉద్ధరించేందుకు గేలిక్ క్రీడా సంఘం పుట్టినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరాలనుండి ఆ సంఘం తన సభ్యులు పరదేశపు ఆటలు ఆడరాదని నిషేధం విధించినది. క్రికెట్టు, రగ్బీ, హాకీ, ఫుట్‌బాలు, అన్నీ అందులోనివే. 1971 వరకు ఆ కట్టుబాటు తొలగలేదు. మనదేశంలో ఆంగ్లేయుల ఆటను మనవారు చేతబట్టి వారినే ఓడించడం గౌరవంగా భావించినారు. ఐరిష్ జాతీయవాదులలో పలువురు ఆ ఆటనే వదలివేయడం గౌరవంగా భావించినారు. పరాయి పాలనకు రెండు దేశాలు ఇచ్చిన రెండు సమాధానాలివి. ఏది మేలైనదో చెప్పడం నాకు సాధ్యం కాదు గాని, వారి సమాధానం వలన ఐర్లండు క్రికెట్టు దాదాపు ఒక శతాబ్దం వెనుకబడినదని మాత్రం చెప్పగలను.

బ్రౌనింగు ఏ వర్గంలోనివాడో వేరుగా చెప్పనక్కరలేదు. అతనికి ఐర్లండుపై ప్రేమ లేదని అనడం అన్యాయం. ఇరువది ఏళ్లు ఆ దేశం తరఫున ఆడినవాడు. అతని దృష్టిలో ఐరిష్ వాడుగా ఉండడం, జార్జి ప్రభువు ప్రజగా ఉండడం పరస్పర విరుద్ధాలు కావు. ఆ రెంటినీ ఒకే దేహంలో ఇముడ్చుకోవచ్చునని నమ్మిన చివరి తరం అది.

యుద్ధం ప్రకటింపబడిన కొద్ది వారాలకే బ్రౌనింగు డబ్లిను రగ్బీ సంఘాలకు లేఖలు పంపినాడు. ఆటగాళ్లందరు వచ్చి లాన్స్‌డౌను రోడ్డు మైదానంలో కవాతు నేర్చుకొనవలసినదిగా ఆహ్వానించినాడు. కొన్నాళ్లకు మూడు వందలమంది దాకా చేరినారు. రాయల్ డబ్లిన్ ఫ్యుసిలియర్స్ దళపు 7వ బెటాలియనుకు అధిపతిగా నియమింపబడిన కర్నల్ డౌనింగు కూడ పూర్వం రగ్బీ ఆడినవాడే. ఈ స్నేహితులను విడదీయకుండ అందరినీ ఒకే కంపెనీలో చేర్చుకొనేందుకు అతడు అంగీకరించినాడు. ఆ విధంగా 'డి' కంపెనీ ఏర్పడినది. లోకం దానికి 'పాల్స్' అని, అనగా చెలికాండ్రని, పేరు పెట్టినది. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, బ్యాంకి ఉద్యోగులు సామాన్య సిపాయిలుగా చేరినారు. ట్రినిటీ కళాశాలలో న్యాయశాస్త్రాచార్యుడైన ఎర్నెస్టు జూలియన్ వారిలో ఒకడు. ఆ దళంలోని పాత సైనికులకు మొరటువారని ముద్దుపేరు ఉండేది. వారి నడుమ ఈ చదువుకొన్నవారు చేరడం చూచి, మొరటువారిలో దొరబిడ్డలు అని ఊరు నవ్వుకొన్నది.

1915 ఏప్రిలు 30వ తేదీన బెటాలియను డబ్లిను వీధులలో బారులు తీరి ఓడ ఎక్కుటకు సాగిపోయినది. జనం దారి పొడవున నిలిచి జయధ్వానాలు చేసినారు. బ్రౌనింగు వారితో పోలేదు. అప్పటికి అతనికి నలుబది ఆరేండ్లు దాటినవి. సైన్యం అతనిని తీసికొనే వయస్సు కాదది.

ఆగస్టు 7వ తేదీన ఆ యువకులు తురుష్క దేశంలో గల్లిపోలీ ద్వీపకల్పపు సువ్లా అఖాతం వద్ద దిగినారు. మండుటెండ, నీటికి కటకట, ఎదురుగా కొండలమీద శత్రువు. ఆచార్య జూలియన్ మరుసటి దినమే గాయపడి మరణించినాడు. వారం గడచిన పిమ్మట, 15, 16 తేదీలలో, కిరెచ్ తెపె అనే కొండ గట్టుపై జరిగిన యుద్ధం మరింత భయంకరమైనది. గట్టుకు ఆవలివైపున ఉన్న తురుష్క సైనికులు చేతిబాంబులు విసురుతున్నారు. ఐరిష్ వారివద్ద బాంబులు అయిపోయినవి. రాళ్లు విసిరినారు. ఆల్బర్టు విల్కిన్ అనే సిపాయి వచ్చే బాంబులను గాలిలోనే పట్టుకొని, అవి ప్రేలకముందే తిరిగి విసరినాడట. అట్లు అయిదింటిని పట్టినాడు. ఆరవది చేతిలోనే ప్రేలినది. క్యాచి పట్టడమంటే ఏమిటో మైదానంలో చూచి చప్పట్లు కొట్టిన మనకు ఈ వృత్తాంతం చదివినప్పుడు చేతులు కదలవు. కంపెనీ నాయకుడు పూల్ హిక్మన్ ఆ గట్టుమీదనే నేలకొరిగినాడు.

డబ్లిను వదలిన రెండు వందల పైచిలుకు చెలికాండ్రలో కొన్ని వారాలకు మిగిలినవారు సగమైనా లేరు. మిగిలినవారిలో సైతం కొందరికి యుద్ధం ముగియలేదు. 1914లో ఐర్లండుకు రగ్బీ ఆడిన జాస్పర్ బ్రెట్ మనస్సు చెదరి ఇంటికి తిరిగివచ్చి, 1917లో రైలు పట్టాలపై ప్రాణాలు వదలినాడు. వీరందరినీ పేరుపేరున ఎరిగి, ఉత్తరాలు వ్రాసి పిలిచినవాడు బ్రౌనింగు. మృతుల పట్టికలు వార్తాపత్రికలలో పడుతున్నప్పుడు అతడు డబ్లినులోనే ఉన్నాడు.

అతడు ఊరకే కూర్చుండలేదు. యుద్ధానికి పోలేని నడివయస్కులతో, ఆట మానిన రగ్బీ క్రీడాకారులతో ఒక స్వచ్ఛంద దళాన్ని కూర్చినాడు. వీరి పని గృహరక్షణ, కవాతు, రైల్వే స్టేషన్లలో సైనికులకు సహాయం వంటివి. చేతికి ఎర్రని పట్టీ, దానిమీద కిరీటం గుర్తు, జార్జి ప్రభువని లాటిను భాషలో జార్జియస్ రెక్స్ అని అర్థమిచ్చే రెండు అక్షరాలు. డబ్లిను జనం మాటల పోగులు. బొజ్జలు, బట్టతలలు గల ఈ పెద్దమనుషులు కవాతు చేస్తూ పోతుంటే చూచి, ఆ లాటిను మాటలనే ఆంగ్లంలోకి విరిచి 'గార్జియస్ రెక్స్' అన్నారు. సొగసైన శిథిలాలని అర్థం. ఏ ఊరిలోనైనా అరుగుమీద కూర్చునేవారు ఇట్టి పేర్లు పెట్టడంలో సిద్ధహస్తులు కదా.

1916 ఏప్రిలు 24, ఈస్టరు సోమవారం. సెలవు దినం. ఈ దళం ఉదయమే బయలుదేరి డబ్లినుకు దక్షిణాన ఉన్న టిక్‌నాక్ కొండలలో కవాతుకు పోయినది. మధ్యాహ్నం నగరంలో తిరుగుబాటు ఆరంభమైనది. పాట్రిక్ పియర్సు పెద్ద తపాలా కార్యాలయం ముందు నిలిచి ఐరిష్ గణతంత్రాన్ని ప్రకటించినాడు. ముఖ్యమైన కూడళ్లలో స్వచ్ఛంద సైనికులు ఇండ్లు ఆక్రమించుకొని కిటికీల వెంట తుపాకులు పెట్టుకొని కూర్చున్నారు. కొండలనుండి తిరిగి వస్తున్న పెద్దమనుషులకు దారిలో వార్త తెలిసినది. వారి భుజాలపై తుపాకులున్నవి, కాని వానిలో గుండ్లు లేవు. అది కవాతు తుపాకి మాత్రమే. అయినను బెగ్గర్స్ బుష్ సైనిక స్థావరానికి చేరుకోవాలని రెండు భాగాలుగా నడిచినారు. పెద్ద భాగం వేరొక దారిన పోయి స్థావరంలోనికి చేరగలిగినది. సుమారు నలుబదిమంది గల రెండవ భాగం బ్రౌనింగు వెంట నార్తంబర్లండు రోడ్డున వచ్చినది.

ఆ రోడ్డులో 25వ నంబరు ఇంట మైకేల్ మలోన్ అనే యువకుడు కొద్దిమంది అనుచరులతో కాచి ఉన్నాడు. వృత్తికి వడ్రంగి. యూనిఫారాలవలె కనిపించే దుస్తులు, భుజాన తుపాకులు చూచి, సైన్యం వస్తున్నదని ఆ పరిసరాల కాచియున్నవారు కాల్పులు జరిపినారు. రోడ్డుమీద దాగుకొనే చోటు లేదు. ఎదురు కాల్చేందుకు గుండు లేదు. కొందరు అక్కడికక్కడే మరణించినారు. బ్రౌనింగు తీవ్రంగా గాయపడినాడు. చుట్టుప్రక్కల ఇండ్లవారు తలుపులు తెరచి పడినవారిని లోనికి తీసికొన్నారు. నిరాయుధులపై కాల్చినారన్న మాట నగరమంతా ప్రాకి ప్రజలు కోపించినారు. ఇకపై ఇట్టివారిపై కాల్పులు జరుపవద్దని తిరుగుబాటు నాయకులు ఆజ్ఞ ఇచ్చినారని చెప్తారు.

రెండు దినాల తరువాత, ఏప్రిలు 26వ తేదీన, బ్రౌనింగు కన్నుమూసినాడు. అదే దినాన ఆంగ్ల సైన్యం ఆ రోడ్డు వెంట, మౌంట్ వీథి వంతెన దిశగా, వచ్చినది. 25వ నంబరు ఇంటినుండి మలోన్, ఇంకొక సహచరుడు గంటల తరబడి వారిని నిలువరించినారు. ఆ సాయంత్రం మలోన్ ఆ ఇంట మెట్లమీద హతుడైనాడు. ఇట్లు ఆ వీథిలో ఎదురైన రెండు పక్షాల నాయకులూ ఒకే తేదీన మరణించినారు.

మరొక విషయం. మలోన్ అన్న విలియం కూడ రాయల్ డబ్లిన్ ఫ్యుసిలియర్స్ సైనికుడే. బ్రౌనింగు తన చెలికాండ్రను పంపిన దళంలోనే, వేరొక బెటాలియనులో చేరి, 1915 మే నెలలో ఈప్ర్ వద్ద మరణించినాడు. ఒక్క ఇంటిలోనే ఒక కుమారుడు ఆంగ్ల ప్రభువు కొరకు, ఇంకొక కుమారుడు ఆ ప్రభుత్వాన్ని కూలద్రోయుట కొరకు, ఏడాది వ్యవధిలో ప్రాణాలిచ్చినారు. ఐర్లండు రెండుగా చీలినదని చరిత్రకారులు వ్రాస్తారు గాని, ఆ చీలిక కులానికి కులానికి, మతానికి మతానికి మధ్యనే పోలేదు. మలోన్ ఇంటిలో అన్నదమ్ముల నడుమనుండి పోయినది.

ఆ రోజులలో డబ్లినులో ఒక తెలుగు యువకుడు కూడ ఉన్నాడు. వరాహగిరి వేంకటగిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదువుటకు అక్కడికి వెళ్ళినారు. ఆయన చదివినది ట్రినిటీలో కాదు, కాథలికులు ఎక్కువగా చదివే యూనివర్సిటీ కళాశాలలో. అక్కడ ఆయనకు ఆంగ్ల సాహిత్యం బోధించినవారిలో థామస్ మెక్‌డోనా ఒకడు. అతడు తిరుగుబాటు ప్రకటనపై సంతకం చేసి, మే నెలలో కాల్చివేయబడినాడు. గిరి గారు ఆ సంవత్సరంలోనే ఐర్లండు వదలి స్వదేశానికి తిరిగివచ్చినారు. 1969లో భారత రాష్ట్రపతి అయినారు. ఒకే నగరంలో, ఒకే సంవత్సరాలలో, కొద్ది వీథుల దూరంలో మసలిన గిరి గారికి, బ్రౌనింగుకు కనిపించిన ఐర్లండులు వేరు వేరు. మన సానుభూతి సహజంగానే గిరి గారి గురువుల వైపు పోతుంది. నాదీ అటే పోతుంది. అయినను గుండ్లు లేని తుపాకితో, ఆట స్నేహితులను వెంట బెట్టుకొని, కొండలనుండి ఇంటికి నడిచివస్తున్న నలుబది ఏడేండ్ల వికెట్ కీపరును శత్రువు అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు.

స్వతంత్ర ఐర్లండు బ్రౌనింగు వంటివారిని చాలకాలం తలచుకొనలేదు. గల్లిపోలీనుండి తిరిగివచ్చిన సిపాయిలు సైతం తమ పతకాలను పెట్టెలో దాచుకొని బ్రతికినారు. రెండు పక్షాల మృతులనూ ఒకచోట స్మరించుకొనడం ఇటీవలి దశాబ్దాల మాట. ఆట మాత్రం ఈ చీలికలకు ఒక విచిత్రమైన సమాధానం ఇచ్చినది. 1921లో దేశం రెండుగా విభజింపబడినను, రగ్బీలోను క్రికెట్టులోను ఐర్లండు దీవి అంతటికీ కలిపి ఒకే జట్టు నేటికీ ఆడుతున్నది.

డబ్లిను దక్షిణాన డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో బ్రౌనింగు సమాధి ఉన్నది. దానిపై స్మారక చిహ్నాన్ని నిలిపినవారు అతనితో కవాతు చేసిన రగ్బీ స్నేహితులే. నార్తంబర్లండు రోడ్డులో 25వ నంబరు ఇల్లు ఇంకను నిలిచియున్నది. దాని గోడమీద మలోన్ పేరుతో ఒక ఫలకం కలదు. చెలికాండ్రు కవాతు నేర్చిన లాన్స్‌డౌను రోడ్డు మైదానం అక్కడికి కొద్ది నిమిషాల నడక. పాత మైదానం తీసివేసి ఆ స్థలంలోనే 2010లో క్రొత్త క్రీడాప్రాంగణం తెరచినారు. ఐర్లండు రగ్బీ పోటీ ఉన్న దినాన పచ్చని కండువాలు కప్పుకొన్న జనం వేలకొలది ఆ రోడ్డువెంట, ఆ ఇంటి ముందునుండే, ఆటకు నడిచిపోతారు.